పాఠశాలకు విడదీయదగిన పనిబల్ల

మన పాఠశాల వసారా తూర్పుకొనయందు మంచినీళ్ల కుండలు పెట్టియుంచు బల్లను చూడని విద్యార్థి లేడు. మధ్యాహ్న భోజనపు వంటశాలలో అన్నపు గుండిగలను దింపు బల్లను ఎఱుగనివారును లేరు. ఈ రెండు బల్లలును ఒకప్పుడు ఒక్కటియే యని తెలిసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. ఆ కథ చెప్పుటకు నాకు కొంత సిగ్గుగా నున్నది. అయినను చెప్పవలసియున్నది, ఏలయన అందలి తప్పు నాది, ఆ తప్పువలన నష్టపడినవారు పిల్లలు.

కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందఱు కొయ్యపని నేర్చుకొనవలెనని నన్ను అడిగిరి. నేను శిక్షణ కళాశాలలో చేతిపనుల విలువను గుఱించి వ్యాసములు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను. రంపము పట్టినవాడను మాత్రము గాను. ఉత్సాహమునకు కొదువ లేదు. ఒక విద్యార్థి తండ్రిగారు తమ తోటలో గాలివానకు కూలిన మామిడిచెట్టును ఇచ్చిరి. దానిని పలకలుగా కోయించి, ఎనిమిది అడుగుల పొడవును, నాలుగడుగుల వెడల్పును గల పనిబల్లను, ఆనాడు ఖాళీగా నున్న చివరిగదిలోనే నిలువబెట్టి, మేకులు దిగగొట్టితిమి. ఏడెనిమిది నెలలు ఆ గదినుండి చిత్రికపట్టు చప్పుడు వినబడుచుండెను. భూగోళపటములను తగిలించు కొయ్య, సుద్దముక్కల పెట్టెలు, ముక్కాలిపీటలు నాలుగు ఆ బల్లమీదనే తయారయ్యెను.

మార్చి నెల వచ్చెను. పదవ తరగతి పబ్లికు పరీక్షలకు మన పాఠశాల కేంద్రమయ్యెను. గదులన్నియు ఖాళీ చేయవలసి వచ్చెను. బల్లను ప్రక్కకు వాల్చి ద్వారముగుండ తోసితిమి. బల్ల పొడవు ఎనిమిది అడుగులు. వసారా వెడల్పు ఆరడుగులు. ఆవల ఇనుప కటకటాలు. బల్ల సగమునకుమించి వెలుపలికి వచ్చి కటకటాలను తాకి నిలిచిపోయెను. మేకులు ఊడదీయబోగా పలకలు చీలసాగెను. ప్రొద్దు వాలుచుండెను. ప్రధానోపాధ్యాయులవారు తొందరపడుచుండిరి. తుదకు రంపము తెప్పించి బల్లను నడుమకు కోయించితిని. కోసినవారు దానిని చేసిన పిల్లలే. వారిలో నొకడు చెమట తుడుచుకొనుచు, "మాష్టారండీ, చేసేముందే ఇది బయటికి వస్తుందో రాదో చూసుకోవలసిందండీ" అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. పరీక్షల పిమ్మట ఆ గది వేఱొక తరగతికి ఇయ్యబడెను. కొయ్యపని ఆగిపోయెను.

అప్పటినుండి ఎవరైన నన్ను "పాఠశాలలో కొయ్యపని ఏల నేర్పరు?" అని అడిగినయెడల, "గది లేదండీ" అని చెప్పుచుండెడివాడను. అది అబద్ధము గాదు. కాని నిజమును గాదు. లేనిది గది గాదు. విప్పి తీసికొనిపోదగిన బల్ల. ఈ సంగతిని మన తల్లిదండ్రులకును, తోటి ఉపాధ్యాయులకును, విద్యార్థులకును విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పాఠశాలకు దృఢమైనదియు, విడదీయదగినదియు నగు పనిబల్ల కావలెను. ఈ రెండు గుణములును ఒకచోట ఇమడవని తలచుట పొరపాటు. విడదీయదగిన వస్తువును కదలకుండ నిలుపుటకు ఎక్కువ ఆలోచన, ఎక్కువ నేర్పు కావలసియుండును. కనుకనే అది పాఠశాలకు తగిన వస్తువు.

అసలు బల్ల ఎందుకని కొందఱు అడుగవచ్చును. మన వడ్రంగి నేలపై కూర్చుండి, పాదముతో కఱ్ఱను అదిమిపట్టి, బాడిసతో చెక్కుచు, తలుపులను, బండ్లను, నాగళ్లను చేసియున్నాడు. ఆతని కాలే ఆతనికి పట్టుకొయ్య. ఆ నేర్పు చిన్ననాటినుండి తండ్రిప్రక్కన కూర్చుండి నేర్చినది. వారమునకు ఒక గంట నేర్చు పిల్లలకు అది రాదు. ఉలి జారిన పాదము తెగును. నిలుచుండి రెండు చేతులతో చిత్రిక పట్టుటకును, ఒకేసారి నలుగురు పిల్లలను ఉపాధ్యాయుడు కనిపెట్టియుండుటకును, కఱ్ఱను పట్టియుంచు గట్టిబల్ల అవసరము. స్వీడనుదేశమున 1870ల దశకములో ఓటో సాలమన్ అను విద్యావేత్త నేస్ అను చోట ఉపాధ్యాయులకు కొయ్యపని నేర్పుటకు ఆరంభించెను. పిల్లవాడు తేలిక వస్తువునుండి కష్టమైన వస్తువునకు మెట్టుమెట్టుగా పోవలెననుట ఆ విధానమునందు ముఖ్యము. అట్టి చదువునకు నల్లబల్ల యెంతో, పనిబల్ల యంత.

ఇక విడదీయుటను గుఱించి. ఇది మనకు క్రొత్తది గాదు. మన యిండ్లలోని నులకమంచమును చూడుడు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టెల కొనలయందు కుసులు, కోళ్లయందు బెజ్జములు. మేకు లేదు, బంక లేదు. నులక బిగించి అల్లినపుడు దాని లాగుడే కుసులను బెజ్జములలోనికి ఈడ్చి పట్టుకొనును. నులక విప్పినచో మంచము ఒక మోపు కఱ్ఱలగును. కొయ్యనాగలిని చూడుడు. ఏడికోల నాగలిదుంపలోని బెజ్జమున దూరి చీలతో బిగియును. చీలను కొంచెము సడలించి మరల కొట్టి రైతు దున్నకపు లోతును మార్చుకొనును. ఎద్దులబండి చక్రము ఊడిపోకుండ ఇరుసుకొనను నిలుపునది కడచీల. భారమును, కుదుపును, బురదను ఓర్చుకొన్న ఈ పనిముట్లన్నియు విడదీయదగినవే. ఇంటిలో మంచము విప్పి అటకమీద పెట్టు మనము, పాఠశాలలో బల్ల చేయునపుడు మేకులకై పరుగెత్తితిమి. ఇంతకన్న విచిత్రము కలదా?

వేదపాఠమునందు మన విద్యార్థులు నిర్గమకాండములోని ప్రత్యక్షపు గుడారమును గుఱించి చదివియేయుందురు. దానిని వడ్రంగపు కన్నుతో చదివినవారు తక్కువ. తుమ్మకఱ్ఱ పలకలు 48. ఒక్కొక్కటి పది మూరల పొడవు, మూరన్నర వెడల్పు. ప్రతి పలకకు రెండు కుసులు. ఆ కుసులు కూర్చుండుటకు వెండి దిమ్మలు. పలకలను కలిపి నిలుపుటకు అడ్డకఱ్ఱలు. ప్రయాణమువేళ దానిని విప్పి మోయు పని మెరారీయులది. అందుకు వారికి నాలుగు బండ్లును ఎనిమిది ఎద్దులును ఇయ్యబడినట్లు సంఖ్యాకాండమున నున్నది. మజిలీమజిలీకి విప్పి మరల నిలుపవలసిన కట్టడమునకు కుసియు దిమ్మయు ఎంత సరిగా కుదిరియుండవలెనో ఊహింపుడు. కుసి యను మాటను మన తెలుగు వడ్రంగులు నేటికిని అదే యర్థమున వాడుచున్నారు.

పశ్చిమదేశములలోను రెండు తెఱగుల బల్లలు కలవు. ఫ్రాన్సుదేశపు ఆండ్రే రూబో 18వ శతాబ్దమున వ్రాసిన వడ్రంగ గ్రంథములో వర్ణించిన బల్ల మిక్కిలి బరువైనది. కాళ్లు పైపలకలోనికే దిగి శాశ్వతముగా నిలిచిపోవును. తనకంటూ కర్మశాల గలవానికి అంతకన్న మంచిబల్ల లేదు. అమెరికాలో నార్తు కరోలినా ప్రాంతమున 1766లో సేలమ్ అను పట్టణమును నెలకొల్పిన మొరేవియను సంఘమువారు వాడిన బల్ల వేఱు తీరుది. దాని పొడవు అడ్డదూలములు కాళ్లగుండ వెలుపలికి వచ్చి చీలలతో బిగియును. చీలలు తీసినచో బల్ల భాగములుగా విడిపోవును. అట్టి పాతబల్ల యొకటి అచ్చట భద్రపరచబడియుండగా, నేటి పనివారు దానిని కొలిచి అటువంటివి చేసికొనుచున్నారు. స్థలము చాలనివానికి, పని జరుగుచోటు మారుచుండువానికి ఈ రెండవ తీరే తగును. మన పాఠశాల ఆ రెండవవాని వంటిది.

గడచిన వేసవి సెలవులలో, ఒక వృద్ధ వడ్రంగిగారిని ప్రార్థించి, ఆయన సాయముతో ఇట్టి బల్ల నొకదానిని నేనును, ఐదుగురు విద్యార్థులును చేసితిమి. దాని కూర్పును ఇచట కొంత వివరింతును. చేయదలచినవారికి ఉపకరించును, చేయనివారికి బల్లలో బలము ఎక్కడనుండి వచ్చునో తెలియును.

పైపలక పొడవు 5 అడుగులు, వెడల్పు 20 అంగుళములు, మందము 3 అంగుళములు. అది ఒకే పలక గాదు. పది అంగుళముల వెడల్పుగల రెండు పలకలు ప్రక్కప్రక్కన నుండును. ఒక్కొక్కటి సుమారు 19 కిలోలు తూగును. ఇద్దఱు విద్యార్థులు సులభముగా మోయగలరు. బల్ల మొత్తము బరువు సుమారు 65 కిలోలు. ఈ బరువు అక్కఱకు వచ్చునదే. తేలికబల్ల చిత్రికతోపాటు తానును నడచిపోవును. ఎత్తు 30 అంగుళములు. పిల్లవాడు నిలుచుండి చేతులు క్రిందికి వ్రేలాడవేసినపుడు మణికట్టునకు సమీపముగా బల్ల యుండవలెను. ఇంతకు పొడగరులైన పెద్దలకు ఇంకను రెండు మూడంగుళములు హెచ్చింపవలెను.

కాళ్లు నాలుగు. కుడివైపు రెండు కాళ్లను రెండు అడ్డకఱ్ఱలతో కలిపి ఒక చట్రముగాను, ఎడమవైపు రెండింటిని మఱియొక చట్రముగాను శాశ్వతముగా కూర్చితిమి. ఇవి విడదీయవలసిన పని లేదు. బల్లపరపుగా నుండుటచే గోడకు ఆనించి పెట్టవచ్చును. ఈ రెండు చట్రములను కలుపునవి పొడవు దూలములు రెండు. ఒక్కొక్కదాని వెడల్పు 6 అంగుళములు, మందము అంగుళమున్నర. బల్ల ఊగకుండ కాపాడునవి ఇవియే. చిత్రిక పట్టునపుడు తోపు బల్ల పొడవువెంబడి పోవును. దూలము సన్ననిదైనచో కాళ్లు ముందుకు వెనుకకు వాలును. దూలము వెడల్పుగా నుండి, కుసికి పైనను క్రిందను మిగిలిన అంచులు కాలిని నిండుగా ఆనుకొనియున్నచో కాలు వాలుటకు వీలుండదు. మా వడ్రంగిగారు ఆ అంచులను ఎంతసేపు సరిచేయించిరనగా, పిల్లలు విసిగిపోయిరి. చిన్న కాగితపుముక్క కూడ ఆ సందున దూరరాదని ఆయన పట్టు.

దూలపు కుసి కాలిని దాటి వెలుపలికి నాలుగంగుళములు వచ్చును. వెలుపలికి వచ్చిన భాగములో పైనుండి క్రిందికి సన్నని బెజ్జము. కుసి మందమును మూడు పాళ్లుగా విభజించి నడిమి పాలే బెజ్జమునకు ఇచ్చితిమి. అందులో పైనుండి దిగునది చీల. ఈ చీలయే బల్లకు ప్రాణము. ఇందు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, చీల వాలు. ఎనిమిదంగుళముల పొడవునకు ఒక అంగుళము సన్నగిల్లు వాలు చాలును. వాలు హెచ్చినచో చీల దెబ్బదెబ్బకు వెనుకకు ఎగిరివచ్చును. రెండవది, బెజ్జపు లోపలి అంచు కాలి వెలుపలి ముఖముకన్న కొంచెము లోపలికే యుండవలెను. అప్పుడే చీల కాలిని ఆని దూలమును ఈడ్చి బిగించును. అంచు సరిగా కాలిముఖమునకు సమముగా నున్నచో చీల బెజ్జమును నింపునేగాని కాలిని పట్టదు. మూడవది, చీలకు వెలుపల కుసిలో రెండున్నర అంగుళముల కఱ్ఱయైన మిగిలియుండవలెను. తక్కువైనచో బిగించినపుడు కుసికొన చీలిపోవును. చీల నిలువుగా నుండుట మేలు. పనిచేయునపుడు కలుగు అదురునకు అది క్రిందికే దిగును, బిగువు తగ్గదు.

పైపలకలకు మేకులు లేవు. చట్రముల నెత్తిన నిలిపిన కొయ్యపిడుకలమీద పలకల అడుగున నున్న బెజ్జములు కూర్చుండును. ముందరి బెజ్జములు బిగువుగాను, వెనుకటివి వెడల్పువైపు పావు అంగుళము వదులుగాను ఉండును. ఇందులకు కారణము కలదు. కఱ్ఱ పొడవున మారదు. అడ్డముగా మాత్రము వానకాలమున ఉబ్బును, వేసవిని కుంచించుకొనును. దానికి కదలుటకు చోటిచ్చిన ఊరకుండును. చోటీయకున్న తన్ను తాను చీల్చుకొనును. నేను మేకులు కొట్టించిన పాతబల్ల ఏడు నెలలలో మూడుచోట్ల పగులుటకు కారణము నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసినది.

కఱ్ఱను గుఱించి ఒక మాట. మన నూజివీడులో వీణలు చేయువారు పనసకఱ్ఱను ఎన్నుకొందురు. కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికిని ఎన్నుకొందురు. ఏ పనికి ఏ కఱ్ఱ తగునో ఎఱుగుట చేతిపనిలో మొదటి పాఠము. పనిబల్లకు టేకు మంచిదే, కాని వెల హెచ్చు. మన చుట్టును నున్నది మామిడి. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కాచి కాచి ముసలివైన చెట్లను రైతులు తీసి క్రొత్త మొక్కలు నాటుట మనము చూచుచునే యున్నాము. ఆ మ్రాను చాలవఱకు వంటచెఱకుగాను, పెట్టెల చెక్కగాను పోవును. మామిడికఱ్ఱకు బరువు కలదు, పనికి లొంగును. కాని రెండు దోషములు కూడ కలవు. కొట్టిన తరువాత ఊరక పడవేసినచో బూజుపట్టి నల్లబడును, పురుగు తొలుచును. కాబట్టి చెట్టు కొట్టిన వెంటనే పలకలు కోయించి, బోరాక్సును బోరిక్ యాసిడ్‌ను కలిపిన నీట ముంచి, నీడలో, పలకకు పలకకు నడుమ సన్నని కఱ్ఱలు పెట్టి, గాలి ఆడునట్లు పేర్చవలెను. కొనలకు మైనమో రంగో పూయనిచో అవి ముందుగా ఆరి పగులును. తొందరపడరాదు. పచ్చికఱ్ఱతో చేసిన కుసి నేడు బిగువు, రేపు వదులు. కాళ్లకును చీలలకును నల్లతుమ్మ వాడితిమి. బండిచక్రములను మోసిన కఱ్ఱకు మన బల్ల ఒక భారమా?

ఇట్లు చేసిన బల్లను విప్పుటకు కావలసినది ఒక కొయ్యగూటము మాత్రమే. పైపలకలు ఎత్తి, నాలుగు చీలలను క్రిందినుండి తట్టి, దూలములు లాగినచో బల్ల ఆరు భాగములగును. ఇద్దఱు విద్యార్థులకు కొద్ది నిమిషముల పని. ఈ సంవత్సరమంతయు మేము దానిని వసారాలో వాడితిమి, ఎండ తగ్గినపుడు మామిడిచెట్టు నీడలో వాడితిమి, ఉత్సవదినములయందు విప్పి మెట్లక్రింద దాచితిమి. గది యొక్కటియు అడుగలేదు.

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తును. "విడిపోవునది వదులు గాకుండునా?" అని కొందఱనిరి. వదులగును. వానకాలమున ఒకసారియు, చలికాలమున ఒకసారియు చీలలు వదులయ్యెను; గూటముతో ఒక్కొక్క దెబ్బ వేయగా మరల బిగిసెను. మేకులు కొట్టిన బల్లయు వదులగును. దానిని బిగించు ఉపాయము మాత్రము లేదు. మా వడ్రంగిగారు, "మేకు కొట్టినవాడు మళ్లీ చూడడండి, చీల వేసినవాడు అప్పుడప్పుడు చూసుకోవాలండి" అనిరి. పిల్లలకు ఒక వస్తువును చేయుటయేగాక కనిపెట్టియుండుటయు నేర్పవలెనన్నచో, ఇంతకన్న మంచి పాఠము నాకు తోచదు.

"చీలలకన్న ఇనుప బోల్టులు సులభము గదా?" యని మఱికొందఱు. సులభమే. కుసి కోయు నేర్పరి దొరకనిచోట బోల్టులతోనైన ఆరంభింపుడని నేనే చెప్పుదును. ఏమియు లేకుండుటకన్న అది మేలు. కాని బోల్టు తుప్పుపట్టును, నట్టు పోవును, తిప్పు పరికరము అవసరమైనవేళ దొరకదు. పోయిన చీలను మాత్రము విద్యార్థి ఒక పీరియడులో తానే చేసికొనగలడు. "బజారులో ఇనుపబల్లలు దొరకును, కొనరాదా?" యనువారికి నేను చెప్పునది యొకటే: మన బల్లను మనము చేసికొనుటయే మొదటి సంవత్సరపు పాఠము. కొన్న బల్లతో ఆ పాఠమును అమ్మివేసినట్లగును.

అన్నింటికన్న బలమైన ఆక్షేపణ తల్లిదండ్రులది. "మా అబ్బాయి ఇంజనీరు కావాలండీ, వడ్రంగి కాదు" అని ఒక తండ్రిగారు నాతో నిష్కపటముగా అనిరి. వారి భయమును నేను తేలికగా చూడను. మార్కులు తగ్గిన మంచి కళాశాలలో సీటు రాదు. రానియెడల బాధపడువారు వారే. అయినను వారమునకు ఒక గంట కొయ్యపనివలన మార్కులు తగ్గునని నేను నమ్మను. దూలము ఏల ఊగునో, కఱ్ఱ ఏ దిశలో ఉబ్బునో, వాలు ఎంతయైన చీల నిలుచునో చేతితో ఎఱిగిన బాలుడు ఘర్షణను గుఱించియు, బలములను గుఱించియు పుస్తకమున చదివినపుడు దానిని కంఠస్థము చేయనక్కఱలేదు. అది ఆతనికి ముందే పరిచితము.

ఈ మాట నేనొక్కడనే చెప్పుట లేదు. 1937లో వార్ధా సభయందు గాంధీగారు చేతిపనిద్వారా విద్య నేర్పవలెననిరి. జాకీర్ హుస్సేనుగారి సంఘము దానికి ప్రణాళిక వ్రాసెను. 1964–66 సంవత్సరములలో పనిచేసిన కొఠారీ కమిషనువారు పని అనుభవమును పాఠశాలవిద్యలో భాగము చేయవలెననిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు పిల్లలకు వృత్తిపనుల పరిచయము కావలెనని చెప్పుచు, అందు వడ్రంగమును పేరెత్తి చెప్పినది. పుస్తకపు సంచి లేని పది దినములను కూడ నిర్ణయించినది. కాగితములు వచ్చినవి, బల్లలు రాలేదు. పై అధికారులను నిందించుట నా యుద్దేశము గాదు. నా చేతిలో నున్న పనిని నేను "గది లేదు" అను మాటతో ఎన్ని సంవత్సరములు దాటవేసితినో పైన చెప్పియే యున్నాను.

మఱియొక సంగతి పైకి అనరు గాని, కొందఱి మనస్సులలో నుండును. వడ్రంగము ఒక కులమువారి పనియనియు, చదువుకొన్న యింటి పిల్లలకు అది తగదనియు. మా బల్ల చేయుచున్నపుడు ఆ వృద్ధ వడ్రంగిగారికి మొదటిదినమున కుర్చీ వేయగా ఆయన కూర్చుండుటకు సందేహించిరి. నాల్గవదినమునకు పిల్లలు ఆయనను "మాష్టారండీ" అని పిలుచుచుండిరి. ఆ ఐదుగురు పిల్లలలో ఇద్దఱు బాలికలు. అందఱికన్న సరియైన కుసి కోసినది వారిలో నొకతె. ఇవి చిన్నసంగతులే, కాని పాఠశాలలో ఇట్టి మార్పునకు ఉపన్యాసములు చేయలేని పనిని ఒక బల్ల చేసినది.

కావున నా విన్నపములు మూడు. మొదటిది తోటలుగల తల్లిదండ్రులకు: ఈ కాపు ముగిసిన తరువాత ముసలిచెట్లు తీయించువారు ఒక్క మ్రానును పాఠశాలకు ఇప్పించిన మేము వెంటనే కోయించి నీడను పేర్చుకొందుము, అది ఆరిన పిమ్మట ఇంకను మూడు బల్లలు చేయుదుము. రెండవది పాఠశాల పాలకవర్గమువారికి: వారమునకు ఒక పీరియడును కాలపట్టికలో చూపుడు, పని నేర్ప వచ్చు వడ్రంగిగారికి తగిన వేతనమును, ఉపాధ్యాయునితో సమానమైన కుర్చీని ఇయ్యుడు. గదిని మేము అడుగుట లేదు. మూడవది విద్యార్థులకు: మంచినీరు త్రాగ వచ్చినపుడు ఆ కుండలక్రింది బల్ల అంచును ఒకసారి చూడుడు. రంపపు గీతలు ఇప్పటికిని తెలియును. ఏ వస్తువునైన చేయబూనునపుడు అది ఎక్కడ నుండవలెనో, ఏ ద్వారమున వెలుపలికి పోవలెనో, ఎవరు మోయవలెనో ముందుగా ఆలోచింపుడు. నాకు ఆ సంగతి ఒక పదునాలుగేండ్ల బాలుడు చెప్పవలసి వచ్చెను.

మరల మార్చి వచ్చును. మరల గదులు ఖాళీ చేయవలసియుండును. ఈసారి మన బల్లకు గూటము చాలును, రంపము అక్కఱలేదు.